తమ్ముడి తరఫున మాట్లాడే ముందు తమ్ముడితో మాట్లాడు

బిడ్డా,

తమ్ముడి జబ్బు బైపోలార్ అని, అంటే కొన్నాళ్లు మితిమీరిన జోరు, కొన్నాళ్లు తీరని దిగులు పట్టే మనసు జబ్బని తేలింది కదా, మందు దొరికే దారి దొరికింది. మీ పెదనాన్న ఆ జబ్బుతోనే సర్వీసంతా చేసి ఇప్పుడు పింఛను తీసుకుంటున్నాడు.

వాడి తరఫున ఎట్లా నిలబడాలి అని అడిగావు. వాడు నిమ్మళంగా ఉన్న ఈ రోజుల్లోనే వాడితో కూర్చో. జోరు మొదలైతే ఏ మాటా చెవికెక్కదు. నిద్ర తగ్గితే ముందు ఎవరికి చెప్పాలి, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉండాలి, ఏ దవాఖానకు పోవాలి, వాడు చెప్పింది చెప్పినట్టు రాసుకో. సొంతంగా నిర్ణయించుకునే స్థితి లేనప్పుడు తన పక్షాన ఎవరుండాలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వాడే తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు. నీ పేరు కాక దోస్తు పేరు రాస్తే అలగకు.

పెదనాన్న రాత్రి రెండింటికి లేచి వాకిలి ఊడ్చేవాడు, సైకిల్ మొత్తం విప్పి తుడిచేవాడు, తెల్లారేసరికి బత్తాయి తోట అమ్మి ప్లాట్లు కొందామనేవాడు. నిద్ర లేకున్నా అలసట కనిపించకపోతే ఆ పొద్దే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. వాదించకు. "డాక్టర్ దగ్గరికి పోయొచ్చాక తోట సంగతి చూద్దాం" అంటే చాలు. దిగులు పట్టి మంచం దిగనప్పుడు ఎవరినీ బద్ధకం అననీయకు. చావు మాట ఎత్తితే సూటిగా అడుగు, ఒంటరిగా వదలకు. మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

తమ్ముడికి లిథియం గోలీలు రాశారన్నావు. మన నల్లగొండ ఎండల్లో వీటితో మరీ జాగ్రత్త. వాంతులు, విరేచనాలై ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట తడబడినా వెంటనే దవాఖానకు తీసుకుపో. ఒళ్లునొప్పులంటే ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేసేస్తాడు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులూ రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. అందుకే "లిథియం వాడుతున్నాను" అని చీటీ రాసి జేబులో పెట్టుకోమను. లిథియం పరీక్షకు రాత్రి గోలీ వేసుకున్న 12 గంటలకు, పొద్దటి గోలీ వేసుకోకముందే రక్తం ఇవ్వాలి.

గాలి సోకింది, జాన్‌పహాడ్ దర్గాకు తీసుకుపోదామని ఎవరైనా అంటే కొట్లాడకు. వాడికి ఇష్టమైతే పోనీ, గోలీలు సంచిలో పెట్టు.

సంబంధాలు చూసేటప్పుడు దాచుదామని మీ అమ్మ అంటుంది, నాకు తెలుసు. పిల్లకు ముందే చెప్పాలి, అదీ తమ్ముడి నోటితోనే. దసరాకు వచ్చినప్పుడు అమ్మతో నేను మాట్లాడతా.

పెద్దమ్మ