ఇత్తడి చిలకకి ఊక ఎవరు మోస్తారు?

ప్రశ్న: మేడమ్, నేను కందుకూరులో డిగ్రీ చదువుతున్నాను. బాలనాగమ్మ కథను స్టీమ్‌పంక్ పద్ధతిలో తిరగరాస్తున్నాను. మాయల ఫకీరు కోట నిండా ఆవిరి యంత్రాలు. అతని ప్రాణం ఇత్తడి చిలకలో ఉంటుంది. చివర్లో జనం తిరగబడతారు. మొదటి మూడు పేజీలు మీకు పంపుతున్నాను. చదివిన ఫ్రెండ్స్ 'లండన్ కథకి తెలుగు పేర్లు పెట్టినట్టుంది' అన్నారు. అప్పట్నుంచి ఒక్క లైను కూడా రాయలేకపోతున్నాను, ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు? చిలక ఏ భాష మాట్లాడితే బాగుంటుంది?

జవాబు: కథ మాత్రం ఆపకు తల్లీ. నీ ఫ్రెండ్స్ అన్నదాంట్లో నిజం ఉంది, కానీ కథ పారేసేంత నిజం కాదు.

స్టీమ్‌పంక్ అనే మాట 1987లో పుట్టింది. కె.డబ్ల్యూ. జీటర్ అనే అమెరికా రచయిత ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో వాడాడు. కరెంటుకి బదులు ఆవిరే లోకాన్ని నడిపితే ఎలా ఉండేదన్న ఊహ అది. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు చుట్టూ మొదలైంది కాబట్టి పొగమంచు, పొడుగు టోపీ, గొలుసు గడియారం వాళ్లకి సహజం. నీ మూడు పేజీల్లోనూ అవే ఉన్నాయి. కందుకూరు ఎండ ఒక్కచోట కూడా తగల్లేదు.

మా నాయన నెల్లూరు పక్కన ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. మధ్యాహ్నం క్యారియర్ నేనే తీసుకుపోయేదాన్ని. ఎన్ని తట్టల ఊక పోసినా ఆ పొయ్యికి చాలేది కాదు. బాయిలర్ ముందు నిలువుగా ఒక గాజు గొట్టం, అందులో నీటి మట్టం. నాతో మాట్లాడుతున్నా నాయన కళ్లు ఆ గొట్టం మీదే. నీళ్లు బాగా తగ్గి లోపలి ఇనుము ఎర్రగా కాలిందంటే బాయిలర్ పేలిపోవచ్చు. ఆయన ముంజేతుల మీద వెంట్రుకలు ఉండేవి కావు, సెగకి మాడిపోయేవి. ఉడికిన వడ్ల వాసన ఆదివారం కూడా చొక్కాని వదిలేది కాదు. నాకు ఆవిరంటే అదే.

నీ ఫకీరు కోటలో అన్ని యంత్రాలున్నాయే, ఊక ఎవరు మోస్తున్నారు? నీళ్లు ఎవరు తోడుతున్నారు? ఆ మనుషులు మొదట్లోనే కనపడకపోతే చివర్లో తిరుగుబాటు ఆకాశంలోంచి ఊడిపడినట్టుంటుంది.

సామాను మన దగ్గరే ఉంది. గూడూరు, సైదాపురం గనుల అభ్రకాన్ని (మైకా) పలచటి రేకులుగా విడదీస్తే అవతలి వెలుగు కనపడుతుంది, మంటకీ తట్టుకుంటుంది. చిలక కళ్లకి అది పెట్టు. ఏడు సముద్రాలెందుకు? బకింగ్‌హాం కాలువ ఉంది. ఉప్పు పడవలకి తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగిన కాలువ. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు పెదగంజాంలో పడవ ఎక్కి పులికాట్ సరస్సు దాకా పోతే చాలు.

పులికాట్‌లో ఫ్లెమింగోలుంటాయి. వాటి గులాబి రంగు తినే నాచు, చిన్న చిన్న రొయ్యల వల్ల వస్తుంది. ఆ తిండి దొరక్కపోతే రంగు వెలిసిపోతుంది. నీ మాయపక్షులు అవే ఎందుకు కాకూడదు? ఫకీరు మసి నీళ్లు సరస్సులో కలిసి పక్షులు ఏటికేడాది తెల్లబడుతుంటే, అవి ఎవరి పక్షమో నువ్వు విడిగా చెప్పక్కర్లేదు.

ఇక తిరుగుబాటు. 1921లో చీరాల, పేరాల జనం మున్సిపాలిటీ పన్నులు కట్టబోమన్నారు. కాంగ్రెస్ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద వేలమంది ఇళ్లకి తాళాలు వేసి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకుని నెలల తరబడి ఉన్నారు. పసిపిల్లలతో, ముసలివాళ్లతో. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. నువ్వు రాసిన కత్తియుద్ధం కంటే అది వెయ్యి రెట్లు మేలు. నీ కోటలోనూ తట్టలు దించేసి అందరూ వెళ్లిపోనీ. గాజు గొట్టంలో నీళ్లు దిగిపోతుంటాయి. ఫకీరు ఒక్కడే చూస్తూ నిలబడతాడు. ఏ కుళాయి తిప్పాలో అతనికి తెలియదు.

చిలకకి పుస్తకాల భాష వద్దు. అది కోట మీంచి చూసి 'యాడికి పోతా ఉండారబ్బా అందరూ?' అని అడగాలి. ఊక తట్ట ఎత్తుకున్న ఒక పిల్లతో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. నేను చదువుతాను.