కన్ను తీసేయాలంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: మావారికి 44 ఏళ్లు, రైస్ మిల్లులో గుమాస్తా. రెండేళ్లుగా ఎడమ కన్ను కొద్దికొద్దిగా ముందుకొస్తోంది. నొప్పి లేదు. థైరాయిడ్ పరీక్ష నార్మలే. ఎమ్మారైలో కనుగుడ్డు వెనక, పైభాగంలో గడ్డ ఉందని, 'ష్వానోమా కావచ్చు' అని రాశారు. అది క్యాన్సరేనని, కన్ను తీసేస్తారని బంధువులు అంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ముందు ఆ బంధువుల మాట పక్కన పెట్టండమ్మా. నరాన్ని చుట్టి ఉండే తొడుగు కణాలు పెరిగి కట్టే గడ్డ ష్వానోమా. ఇది క్యాన్సర్ కాదు, అలా మారడం కూడా చాలా అరుదు. కనుగూట్లో ఎక్కువగా నుదుటికి స్పర్శనిచ్చే నరం కొమ్మల మీద వస్తుంది. చూపు నరానికి అసలు ఆ తొడుగు కణాలే ఉండవు. కాకపోతే పక్కన పెరిగే గడ్డ దాన్ని నొక్కవచ్చు.

ఇంట్లోనే ఒకటి చూడండి. ఆయన్ని ఒక్కో కన్ను మూసుకోమని, ఎర్ర పెన్ను మూత చూపించండి. ఎడమ కంటికి ఆ ఎరుపు వెలిసినట్టు కనబడితే చూపు నరం నలుగుతోందని అనుమానించాలి. ఇక ఒక్క రోజు కూడా ఆగొద్దు.

రిపోర్టులో 'కావచ్చు' అని ఊరికే రాయలేదు. రక్తనాళాల గడ్డ కూడా ఎమ్మారైలో ఇంచుమించు ఇలాగే ఉంటుంది. గడ్డను తీసి మైక్రోస్కోపు కింద చూస్తేనే తేలుతుంది. ఒంటిమీద పాలకాఫీ రంగు మచ్చలు, చర్మం కింద మెత్తని బుడిపెలు ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. అవి ఒంట్లో నరాల మీద గడ్డలు లేచే, వంశపారంపర్యంగా వచ్చే న్యూరోఫైబ్రోమాటోసిస్ జబ్బుకు గుర్తులు కావచ్చు. అదే అయితే పిల్లల్ని కూడా పరీక్షించాలి.

గడ్డ చిన్నదై, చూపు బాగుంటే అప్పుడప్పుడు ఎమ్మారై తీస్తూ కనిపెట్టి ఉండొచ్చు. మీవారిది పెరుగుతూనే ఉంది కాబట్టి ఆపరేషన్‌కే నా మొగ్గు. ఇది చేసేది కనురెప్పలు, కనుగూటి ఆపరేషన్లు చేసే కంటి డాక్టరు, అంటే ఆక్యులోప్లాస్టీ సర్జన్. పైరెప్ప మడతలోంచి గానీ, కణత వైపు ఎముక ముక్కను తప్పించి గానీ గడ్డను చేరుకుంటారు. కనుగుడ్డు అక్కడే ఉంటుంది. పొరతో సహా పూర్తిగా తీస్తే మళ్లీ రావడం అరుదు. తర్వాత నుదుటి మీద దువ్వెన తగిలినా తెలియనంత మొద్దుబారొచ్చు, కొన్నాళ్లు ఒకటి రెండుగా కనబడొచ్చు. గడ్డ బాగా లోతుగా, చూపు నరం దగ్గర ఉంటేనే చూపుకు ప్రమాదం ఎక్కువ. సంతకం పెట్టేముందు ఈ సంగతి సర్జన్‌ని సూటిగా అడగండి.

దీన్ని కరిగించే చుక్కల మందు లేదు, పసర్లు అసలే వేయొద్దు. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు ఎమ్మారై సీడీ, ఆయన పాత ఫొటోలు రెండు మూడు పట్టుకెళ్లండి, ఓటరు కార్డుదైనా సరే. కన్ను ఎప్పటినుంచి మారుతోందో పేషెంటు కంటే ఫొటోలే సరిగ్గా చెబుతాయి.