మూడు చుక్కలు పెట్టి వదిలేసిన మాట

చిరంజీవికి ఆశీస్సులు.

(ఉత్తరం ఇలా మొదలుపెట్టడం మా తరం అలవాటు. కింద ఇంకో చిరంజీవి వస్తారు, ఆయన వేరు.)

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చెయ్యి తిరుగుతోంది. మీ నాయకుడి సభలో జనం గోడలెక్కి కూర్చోవడం బాగా చూపించావు. అంత చక్కగా చూపించి, కింద "సీమ మొత్తం ఆయన వెంటే" అని తేల్చేశావు. నాకు నవ్వొచ్చింది. ఆ తప్పు నీకంటే ముందు, నీకంటే ఘనంగా చేసినవాణ్ణి.

2008 ఆగస్టు 26న మన తిరుపతిలోనే చిరంజీవి ప్రజారాజ్యం పార్టీ ప్రకటించారు. నేల ఈనిందా అన్నట్టు జనం. నా పక్కన ఒక రైతు, పీలేరు వైపు నుంచి ట్రాక్టర్‌లో వచ్చాడట. తెగిన చెప్పులు చంకలో పెట్టుకుని మునివేళ్ల మీద నిలబడి చూస్తున్నాడు. "ఓటు ఈయనకేనా?" అని అడిగాను. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "చూసేదానికి వచ్చినా సామీ. ఓటు సంగతి ఊర్లో మాట్లాడుకోవల్ల" అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని ప్రభంజనం, ఉప్పెన అంటూ రాసేశాను. రైతును మాత్రం కొట్టేశాను. ఆయన ఉంటే ఉప్పెన నిలబడదు మరి.

2009లో ఫలితాలొచ్చాయి. 294 సీట్లలో ఆ పార్టీకి వచ్చినవి 18. ఓట్లు పదహారు శాతం దాకా వచ్చాయి, అదేమీ తక్కువ కాదు. కానీ ఓట్లు రాష్ట్రమంతా పలచగా పరుచుకుంటే సీట్లు రాలవు. ఇంకో విచిత్రం చూడు. రెండు చోట్ల నిలబడితే ఊరు కాని ఊరు తిరుపతి ఆయన్ని గెలిపించింది, సొంత జిల్లాలోని పాలకొల్లు ఓడించింది. నువ్వు రెండో పేజీలో కులం లెక్క వేశావు కదా, ఆ లెక్కతో ఇది తేల్చి చూపించు. తిరుపతిలో ఆయన కులానికి దగ్గరైన బలిజలు ఎక్కువ, సరే. పాలకొల్లు వైపు ఆయన కులం కాపులు తక్కువా? కులం లెక్కలోకి రాదని అనను, వస్తుంది. అదొక్కటే పట్టుకుంటే మాత్రం దారి తప్పుతావు.

అలాగని జనం వేరు, ఓట్లు వేరు అని సూత్రం కట్టుకోకు. 1983 ఎన్నికల ముందు ఎన్టీఆర్ సభలకు వచ్చిన జనాన్ని చూసి, సినిమావాణ్ణి చూడ్డానికి వచ్చారులే అని మా పెద్దలు తీసిపారేశారు. పార్టీ పుట్టి ఏడాది కూడా కాలేదు, ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. తిరుపతిలో ఆయనే గెలిచారు. పక్కనే చంద్రగిరిలో, అప్పుడు కాంగ్రెస్‌లో ఉన్న చంద్రబాబు నాయుడు సొంత గడ్డ మీద ఓడిపోయారు. 1989 నుంచి ఆయనది కుప్పం.

"ఆ పార్టీ పని అయిపోయింది" అన్న వాక్యం కూడా తీసెయ్. 2019లో మన పాత చిత్తూరు జిల్లాలో 14 సీట్లకు తెలుగుదేశానికి మిగిలింది కుప్పం ఒక్కటే. పని అయిపోయిందన్నారు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు మిగిలినవి పుంగనూరు, తంబళ్లపల్లె. మళ్లీ అదే మాట, అనేవాళ్లు మారారంతే. రాష్ట్రం మొత్తం మీద ఓడిన పార్టీకి రెండుసార్లూ సుమారు 39 శాతం ఓట్లున్నాయి. ఒకసారి 23 సీట్లిచ్చిన శాతం ఇంకోసారి 11 ఇచ్చింది. నూటికి నలభై మంది దాకా ఓటేసిన పార్టీకి పాడె కట్టడానికి మనమెవరం?

ఇక నువ్వు రాసిన ఆదరణ మాట. ఎవరి ఆదరణ, నాయకుడిదా, పార్టీదా? ఆరణి శ్రీనివాసులు 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున చిత్తూరులో గెలిచారు. 2024లో జనసేన తరఫున తిరుపతిలో నిలబడితే మెజారిటీ దాదాపు 62 వేలు. అంతకు ముందు 2019లో అదే తిరుపతిలో గెలుపు తేలింది 708 ఓట్ల మీద. ఒక బజారు జనం మనసు మార్చుకుంటే చాలు!

2024లోనే ఇంకోటి జరిగింది, నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. తిరుపతి పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీలు. ఏడూ తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమి గెలుచుకుంది. ఎంపీ మాత్రం వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి, పద్నాలుగు వేల పైచిలుకు మెజారిటీతో. ఒకే బూత్‌లో రెండు మిషన్లు. ఒకదాని దగ్గర ఒక గుర్తు నొక్కి, రెండడుగులు వేసి ఇంకో గుర్తు నొక్కినవాళ్లు వేలల్లో ఉన్నారన్నమాట. వాళ్లలో ఒక్కరిని పట్టుకుని కూర్చోబెట్టి మాట్లాడించు. నీ నాలుగు పేజీలకంటే బరువైన పేజీ వస్తుంది.

"సీమ మొత్తం" అనడానికి ముందు ఒకసారి నగరి వెళ్లు. మరమగ్గాల చప్పుడులో సగం మాటలు తమిళంలో వినిపిస్తాయి. కుప్పంలో పొద్దున్నే బెంగళూరు రైలెక్కే కుర్రాళ్లతో మాట్లాడు. కరెంటు బిల్లు చూసే మగ్గం మనిషి, రైలు టైము చూసే కుర్రాడు ఒకే నాయకుణ్ణి రెండు రకాలుగా కొలుస్తారు.

నీ అభిమానం దాచుకోమని చెప్పడం లేదు. నాకూ ఉంది ఒక పార్టీ, అది నీకూ తెలుసు.

వ్యాసం వెనక్కి పంపుతున్నాను. మూడో పేజీలో అలిపిరి దగ్గర ఆటో అతను "ఆయన మంచోడే, కానీ..." అంటాడు. అక్కడ మూడు చుక్కలు పెట్టి సభలోకి వెళ్లిపోయావు. ఆ "కానీ" తర్వాత అతనేమన్నాడో నీ నోట్‌బుక్‌లో ఉండే ఉంటుంది. ముందు అది రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు