పాత యాంప్లిఫయర్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

టోక్యోలో ఒక సెకండ్‌హ్యాండ్ షాపులో 1970ల నాటి అక్యూఫేజ్ ఇ-202 యాంప్లిఫయర్ చూశావనీ, హైదరాబాద్ తిరిగొచ్చేటప్పుడు దాన్ని తెచ్చుకోవాలని ఉందనీ రాశావు. నీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది. తప్పకుండా తీసుకో. అయితే ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకో. పాత యాంప్ కొంటున్నావంటే దానికి రాబోయే రిపేరు కూడా కొంటున్నట్టే. అందుకని సౌండు ఎలా ఉందని అడిగేముందు, చెడిపోతే బాగుచేయగలమా అని అడుగు.

ఆ లెక్కన నీ ఎంపిక మంచిదే. రేడియోలకు పేరుపడ్డ ట్రయో కంపెనీని పెట్టిన కసుగా సోదరులే 1972లో కెన్సోనిక్ పేరుతో ఈ అక్యూఫేజ్ కంపెనీని మొదలుపెట్టారు. మరుసటి ఏడాది స్పీకర్లను నడిపే పి-300 పవర్ యాంప్, దానికి ముందు సిగ్నల్‌ని సర్దే సి-200 ప్రీయాంప్ మార్కెట్లోకి వచ్చాయి. కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. పైగా ఇ-202లో ఉన్నవి మామూలు బైపోలార్ ట్రాన్సిస్టర్లు. ఒకవేళ పోయినా సరిసమానమైనవి వెతికి వేయొచ్చు. అదే షాపులో సోనీ టీఏ-8650, యమహా బీ-1 లాంటివి కూడా కనిపించవచ్చు. అవి వీ-ఫెట్ అనే ప్రత్యేకమైన ట్రాన్సిస్టర్లతో చేసినవి. ఆ ట్రాన్సిస్టర్ వెనకున్న ఆలోచన జపాన్ శాస్త్రవేత్త నిషిజావాది. విని తీరాల్సిన యంత్రాలే, కాదనను. కానీ వాటి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఎన్నడో తయారీ ఆగిపోయాయి. అవి కాలిపోతే ఆ పెట్టె అలమరలో అలంకారంగా మిగిలిపోతుంది. మొదటిసారి కొనేవాడివి, వాటి జోలికి వెళ్ళకు.

ఇక కరెంటు సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోకు. జపాన్‌లో వాడకానికి చేసిన యాంప్ 100 వోల్టులది, మన దగ్గర 230. ఇక్కడి షాపుల్లో ఎక్కువగా దొరికేది అమెరికా సామాను కోసం అమ్మే 110 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. పది వోల్టుల తేడాయేగా అని అది పెట్టేవాళ్ళున్నారు. ఆ తేడా పది శాతం. మన లైను ఒక్కోసారి 250కి పోతుంది, అప్పుడు ఆ ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు 120 ఇస్తుంది. లోపల కరెంటును నిల్వచేసే కెపాసిటర్లు తట్టుకోగల హద్దు దాకా వోల్టేజీ వెళ్తుంది, వేడిని బయటికి వదిలే లోహపు రెక్కలు, అదే హీట్‌సింకులు, మామూలు కంటే వేడెక్కుతాయి. కాబట్టి సరిగ్గా 230 నుంచి 100కి దించేది, 1000 వీఏ (వోల్ట్-ఆంపియర్) సామర్థ్యానికి తక్కువ కానిది చుట్టించుకో. ముందుగా యాంప్ వెనక ప్లేటు మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చూడు. ఫ్రీక్వెన్సీ గురించి మాత్రం దిగులక్కర్లేదు. జపాన్‌లో తూర్పున 50 హెర్ట్జ్, పడమరన 60 ఉంటాయి కాబట్టి వాళ్ళు రెండిటికీ సరిపోయేలా చేస్తారు. అమెరికాలోనే అమ్మడానికి చేసిన యాంపులకు ఆ భరోసా లేదు. 60కి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 మీద ఎక్కువ వేడెక్కవచ్చు.

షాపుకి చిన్న మల్టీమీటర్ పట్టుకెళ్ళు. ‘జంక్’ అని చీటీ అంటించిన వస్తువైతే పనిచేస్తుందన్న హామీ లేదని అర్థం, ధర చూసి మోసపోకు. ఆన్ చేశాక కొన్ని సెకన్లకు స్పీకర్లను కలిపే లోపలి స్విచ్చి, అంటే స్పీకర్ రిలే, టిక్కుమనాలి. స్పీకర్ వైర్లు తీసేసి, ఆ టెర్మినళ్ళ దగ్గర డీసీ ఎంత ఉందో చూడు. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే ఫరవాలేదు, దాటితే లోపల ఏదో తేడా ఉంది. తర్వాత స్పీకర్లు పెట్టించుకుని వాల్యూమ్ బాగా తగ్గించి విను. పాత యాంపుకి అసలు పరీక్ష అదే. ఒక చానల్ మాయమై, వాల్యూమ్ పెంచగానే తిరిగొస్తే రిలే కాంటాక్టులు మసిబారాయన్నమాట, చిన్న పని. సన్నటి శబ్దాలు గరగరలాడితే బయాస్, అంటే ట్రాన్సిస్టర్ల గుండా ఎప్పుడూ పారాల్సిన కొద్దిపాటి కరెంటు, తప్పి ఉండొచ్చు. నాబ్ తిప్పితే కరకరమన్నా భయపడకు, కాంటాక్ట్ క్లీనర్‌తో చాలావరకు పోతుంది. స్క్రూల తలలు అరిగి ఉంటే మాత్రం ఇంతకుముందు ఎవరో విప్పారన్నమాట. ఎవరు, ఏం మార్చారని అడుగు.

ఇంటికొచ్చాక నేరుగా ప్లగ్గులో పెట్టకు. మన ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బోర్డు ఉంటుందే, దానికి 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి, దాని గుండా ఆ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి, అక్కడినుంచి యాంప్‌కి మొదటిసారి కరెంటివ్వు. ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే క్షేమం, నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపెయ్.

తర్వాత ఎవరో ఒకరు ‘అన్ని కెపాసిటర్లూ మార్చేద్దాం సార్’ అంటారు. ఒప్పుకోకు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఏళ్ళ తరబడి వేడికి ఎండిపోతాయి, నిజమే. వాటిని ఒక్కొక్కటీ కొలిపించి, పోయినవి మార్పించు. ఫిల్మ్ కెపాసిటర్లు సాధారణంగా అలా ఎండిపోవు. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్ల స్థానంలో ఇంకా పెద్దవి పెడితే బేస్ (మంద్ర శబ్దం) పెరుగుతుందని చెప్పేవాళ్ళ మాట అసలు వినకు. ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా లాగే కరెంటు పెరిగి, పాత పవర్ స్విచ్చి కాంటాక్టులు కాలిపోవచ్చు. ఆ యాంప్‌ని డిజైన్ చేసినవాళ్ళు ఏ విలువ ఎందుకు పెట్టారో ఆలోచించే పెట్టారు. ట్రాన్సిస్టర్లు కావాల్సివస్తే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి గానీ, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో నకిలీలు ఎక్కువ. తెలిసిన షాపులోనే, లేదా కంపెనీ అధికారిక డిస్ట్రిబ్యూటర్ దగ్గరే తీసుకో. పని అయ్యాక సర్వీస్ మాన్యువల్ ప్రకారం, యాంప్ బాగా వేడెక్కిన తర్వాతే బయాస్ పెట్టమను.

దాన్ని అలమరలో బిగించి పెట్టకు, పైన బుట్టలూ లేస్ గుడ్డలూ వేయనివ్వకు. పది డిగ్రీల వేడి పెరిగితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగమవుతుంది, మన మే నెల సంగతి నీకు తెలిసిందే. ఆ పెద్ద హీట్‌సింకులకు ఒక కారణం ఉంది. అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ 1974లో ఒక నిబంధన తెచ్చింది. యాంప్‌ని మూడో వంతు పవర్ మీద గంటసేపు నడిపాకే కొలిచి వాట్లు ప్రకటించాలన్నది అప్పటి నియమం. అక్కడ అమ్మాలనుకున్న కంపెనీలకు వేడిని ఓర్చుకునే యాంపులు చేయక తప్పలేదు.

ఒక చిక్కు మాత్రం నీకు వస్తుంది, ముందే చెబుతున్నా. సీడీలు రాకముందటి యాంపులకు 150 మిల్లీవోల్టులు అందితే చాలు, పూర్తి పవర్ ఇస్తాయి. సీడీ ప్లేయరేమో 2 వోల్టులు ఇస్తుంది. నాబ్ కాస్త తిప్పగానే ఇల్లు దద్దరిల్లుతుంది, ఆ కొసలో రెండు చానళ్ళూ సమానంగానూ పలకవు. మధ్యలో సిగ్నల్‌ని తగ్గించే చిన్న అటెన్యుయేటర్ పెట్టుకుంటే సరిపోతుంది. ఎల్పీలకు ఈ బాధ లేదు. ఆ రోజుల్లో ఎల్పీయే ప్రాణం కాబట్టి రికార్డు ప్లేయర్ సిగ్నల్‌ని పెంచే ఫోనో స్టేజిని ఎంతో శ్రద్ధగా చేసేవాళ్ళు. నా దగ్గరున్న షేక్ చినమౌలానా నాదస్వరం రికార్డులు నీకిస్తాను, వాటిమీద విను. గాత్ర కచేరీ రికార్డు కూడా ఒకటి పెట్టి, మృదంగం ఎడమ మూత మీద గుమ్కీ ఉబ్బిపోకుండా, నాదం జారుతూ వినిపిస్తోందా, పాట ఆగినచోట తంబురా శ్రుతి నిలిచి ఉందా, గమనించు. మొదటి నెల వైరు గానీ, స్పీకర్లు గానీ మార్చకు. నెల తర్వాత ఏం వినిపించిందో నాకు రాయి.

ఇట్లు,
మీ మావయ్య