అమ్మలూ, నీ సైకిల్ పెట్టె నువ్వే కట్టుకో

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. జూలైలో నువ్వు సైకిల్ తీసుకుని విమానంలో లేహ్ వెళ్తున్నావని, అక్కణ్నుంచి ఖార్దుంగ్ లా కనుమ ఎక్కుతావని చెప్పాడు. వాడి గొంతులో సగం భయం, సగం గర్వం. నాకైతే సంతోషం తప్ప ఇంకేం లేదు. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఒక మాట అన్నాడు: "ప్యాకింగ్ సంగతి షాపువాళ్లే చూసుకుంటారట అన్నయ్యా" అని. ఆ మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

షాపులో కట్టించకమ్మా. నీ చేతులతో నువ్వే విప్పు, నువ్వే కట్టు. షాపు కుర్రాడికి పని రాదని కాదు, నీకంటే నాకంటే బాగా కడతాడు. కానీ లేహ్‌లో ఆ పెట్టె తెరిచేటప్పుడు అతను నీ పక్కన ఉండడు. ఏ బోల్టు ఎక్కడిదో, ఏది ఎంత బిగించాలో అక్కడ నీ చేతికే తెలియాలి.

నా మొదటి ప్రయాణం సంగతి మీ ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అప్పుడు నేనూ షాపులోనే కట్టించాను. లేహ్‌లో దిగిన గంటకే, గెస్ట్‌హౌస్ పెరట్లో ఆప్రికాట్ చెట్టు కింద పెట్టె తెరిచాను. పట్టుకోవడానికి పెట్టెకి ఉండే కన్నం ఒక పక్క చిరిగిపోయి ఉంది. చూసి కూడా పట్టించుకోలేదు. ముందు చక్రానికి బ్రేకు డిస్కు బిగించబోతే ఆరు బోల్టుల్లో ఐదే కనిపించాయి. ఆరోది ఆ కన్నంలోంచి ఎక్కడో జారిపోయింది. సరేలే అని సైకిల్ నిలబెట్టి వెనక నుంచి చూస్తే, గేర్లు మార్చే డీరైలర్ నిటారుగా లేదు. కొద్దిగా లోపలికి, చక్రం వైపు వాలి ఉంది. దాన్ని ఫ్రేముకి పట్టుకుని ఉండే చిన్న అల్యూమినియం ముక్కని హ్యాంగర్ అంటారు, చిటికెనవేలంత ఉంటుంది. పెట్టె కుడి పక్కకి పడ్డట్టుంది, అది వంగిపోయింది. ఆ తేడా నాకు అర్థం కాలేదు. మర్నాడు ఊరి బయట చిన్న ఎత్తు ఎక్కుతూ అన్నిటికంటే తేలిక గేరు వేశాను. డీరైలర్ వెళ్లి వెనక చక్రం పుల్లల్లో పడింది. హ్యాంగర్ విరిగింది, రెండు పుల్లలు తెగాయి.

ఆ ముక్క ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకంగా ఉంటుంది. లేహ్ బజారులో తిరగని షాపు లేదు, నా ఫ్రేముది దొరకలేదు. చివరికి చైను తెంపి, పొట్టి చేసి, ఒకే గేరు మీద సైకిల్ నడిచేలా చేసుకున్నాను. ఖార్దుంగ్ లా వదిలేసి, సింధు నది పక్కన షే దాకా, తిక్సే గొంపా అనే బౌద్ధ మఠం దాకా తొక్కి వెనక్కి వచ్చాను. ఆ దారి అందమైనదే. కానీ నేను వెళ్లింది దానికోసం కాదు కదా.

అందుకే ఈ వారమే నీ ఫ్రేము మోడల్ చూసుకుని అదనపు హ్యాంగర్ ఒకటి తెప్పించుకో. లేకపోతే నెల ముందు బుక్ చేసిన టికెట్టు కూడా ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు పెట్టె సంగతి. ఏ సైకిల్ షాపులో అడిగినా కొత్త సైకిల్ వచ్చిన అట్టపెట్టె ఇస్తారు, కాకపోతే వారం ముందే చెప్పి ఉంచాలి. 29 అంగుళాల మౌంటెన్ బైక్ పెట్టే అడుగు. అది దాదాపు 140 సెంటీమీటర్ల పొడవు, 80 దాకా ఎత్తు, పావు మీటరు దాకా వెడల్పు ఉంటుంది. పెట్టెతో పాటు కొత్త సైకిల్‌కి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్ల మధ్య బిగించి వచ్చే ప్లాస్టిక్ ముక్క కూడా అడిగి తీసుకో. స్పేసర్ అంటారు, వాళ్లు ఎలాగూ పారేసేదే. చక్రం తీశాక ఫోర్కు రెండు కాళ్లూ కింద ఖాళీగా ఉంటాయి, పక్కనుంచి బరువు పడితే లోపలికి నొక్కుకుపోతాయి. ఆ ముక్క వాటిని ఆపుతుంది. పెట్టె అడుగున పాత పిన్నులుంటే పీకేసి, కింది అతుకు మీద బ్రౌన్ టేపు రెండు వరసలు వెయ్యి.

ఫ్రేము గొట్టాలకి బబుల్ ర్యాప్ కంటే మంచిది ఏసీ మెకానిక్కులు రాగి పైపులకి తొడిగే నల్లటి ఫోమ్. నిలువునా కోసి తొడిగితే కరుచుకుని కూర్చుంటుంది, తిరుగు ప్రయాణంలో మళ్లీ పనికొస్తుంది.

విప్పడం పెడల్స్‌తో మొదలుపెట్టు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది. గుర్తుపెట్టుకోవడానికి ఒకటే లెక్క: పానా పైకి ఉండేలా పెట్టి, సైకిల్ వెనక వైపుకి లాగితే రెండు పెడల్స్ కూడా ఊడతాయి. బిగించేటప్పుడు రెండూ ముందుకే. తిరిగి పెట్టేటప్పుడు మాత్రం పానా వెంటనే వాడకు. మర మీద కొంచెం గ్రీజు రాసి, మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పు. వేళ్లకి తిరగలేదంటే మర తప్పిందన్నమాట, వెనక్కి తీసి మళ్లీ పెట్టు. పెడల్ బిగించే అల్యూమినియం కడ్డీని క్రాంకు అంటారు, అందులో మర ఒకసారి పాడైతే రోడ్డు మీద బాగుచేసుకోలేం.

సీటు తీసే ముందు, గొట్టం ఫ్రేములోకి దిగే చోట ఒక టేపు ముక్క చుట్టు. లేహ్‌లో ఎత్తు వెతుక్కోవాల్సిన పని ఉండదు. హ్యాండిల్ ముందున్న నాలుగు బోల్టులూ తీసి, హ్యాండిల్‌ని పై గొట్టం పక్కన వేలాడేసి కట్టు, కేబుళ్లు మడతపడకుండా చూసుకో. ఆ బోల్టులు జేబులో వేసుకోకు, ఎక్కడివి అక్కడే తిరిగి వదులుగా బిగించెయ్యి. డీరైలర్‌ని 5 ఎంఎం అలెన్ కీతో ఫ్రేము నుంచి విప్పు. చైను అలాగే ఉండనిచ్చి, డీరైలర్‌ని పాత టవల్ ముక్కలో చుట్టి, వెనక చక్రం పక్కన ఫ్రేము లోపలి వైపుకి జిప్ టైతో కట్టు. అప్పుడు పెట్టె కుడివైపు పడ్డా దెబ్బ దానికి తగలదు.

ముందు చక్రం తియ్యగానే ఆ బ్రేకు ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క దూర్చు. డిస్కు లేనప్పుడు బ్రేకు లివర్ ఎవరి చేతికో నొక్కుకుందంటే లోపలి పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి, ప్యాడ్లు మూసుకుపోతాయి, డిస్కు మళ్లీ దూరదు. డిస్కు విప్పడానికి చాలా సైకిళ్లకి టీ25 టార్క్స్ కీ కావాలి, దాని కొన నక్షత్రంలా ఉంటుంది. విప్పిన డిస్కుని రెండు పాత క్యాలెండర్ అట్టల మధ్య పెట్టి నీ బట్టల బ్యాగులో పెట్టుకో. నూనె చేతితో మాత్రం ముట్టుకోకు. ఖార్దుంగ్ లా పైనుంచి లేహ్‌కి దాదాపు 40 కిలోమీటర్లలో 1,800 మీటర్లు దిగుతావు. ఆ దిగుడంతా నీ ప్రాణం ఆ రెండు రేకుల మీదే ఉంటుంది తల్లీ.

ముందు చక్రాన్ని ఫ్రేముకి ఎడమ పక్కన ఆనించి, క్రాంకు ఆ చక్రం పుల్లల సందులోకి వచ్చేలా కట్టు. ఇరుసు కొన అట్టని పొడుచుకుని బయటికి వస్తుంది, దానికి థర్మోకోల్ ముక్క అడ్డం పెట్టు. చిన్న సామానంతా ఒక జిప్ కవర్లో వేసి, ఆ కవర్ని ఫ్రేముకే కట్టెయ్యి. పెట్టెలో ఏదీ విడిగా తిరగకూడదు. పెట్టె ఊపి చూడు, చప్పుడొస్తే మళ్లీ విప్పు.

టైర్లలో గాలి సంగతి చాలామంది అడుగుతారు. విమానం కింద సామాను పెట్టే చోట కూడా, మనం కూర్చునే చోట ఉన్నట్టే, గాలి ఒత్తిడి నిలిపి ఉంచుతారు. నిజానికి బయట గాలే లేదనుకున్నా టైరు మీద అదనంగా పడేది 15 పీఎస్ఐ లోపే, మంచి టైరు దానికి పగలదు. అయినా కౌంటర్లో ఇది వాదించే చోటు కాదు. గాలి తియ్యమంటారు, తీసెయ్యి. పూర్తిగా కాదు, బొటనవేలితో నొక్కితే లొత్తపడేంత ఉంచు, రిమ్ముకి రక్షణగా ఉంటుంది. నీది ట్యూబ్‌లెస్ కదా, మొత్తం తీసేస్తే టైరు అంచు రిమ్ము నుంచి ఊడి లోపల కన్నాలు మూసే ద్రవం, సీలెంట్, పెట్టెంతా కారుతుంది. కుదుపులు తట్టుకోవడానికి ఫోర్కులో ఉండే గాలి జోలికి వెళ్లకు.

పెట్టెలో ఏం పెట్టకూడదో కూడా చెప్తాను. పవర్ బ్యాంకు, లైట్ల అదనపు బ్యాటరీలు నీ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు. నీ 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్-అవర్లు, 100 లోపే కాబట్టి ఇబ్బంది లేదు. పానాలు, అలెన్ కీలు, మల్టీటూలు దానికి తిరగేసి: చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీలో తీసేసుకుంటారు, పెట్టెలోనే పెట్టు. స్టవ్ గ్యాస్ డబ్బా ఎక్కడా కుదరదు, లేహ్‌లో కొనుక్కో. స్ప్రే డబ్బాలు వద్దు. గాలి కొట్టే చిన్న సీఓ2 సిలిండర్లు కూడా ఇంట్లోనే వదిలెయ్, చేతిపంపు ఒకటి చాలు.

ఇంట్లోనే తూకం వెయ్యి. పెట్టె ఎత్తుకుని తూకం మెషీను మీద నిలబడు, తర్వాత నీ ఒక్కదాని బరువు తీసెయ్యి. సైకిల్ 14 కిలోలు, పెట్టె, ఫోము కలిపి మరో నాలుగైదు. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా ఇచ్చేది 15 కిలోలే, కాబట్టి అదనపు బరువు ముందే ఆన్‌లైన్లో కొనుక్కో, కౌంటర్ దగ్గర కంటే చవక. కొన్ని కంపెనీలు ఆట సామానుకి వేరే రుసుము తీసుకుంటాయి. టికెట్టు కొనే ముందే ఈ కొలతల పెట్టె తీసుకుంటారా అని మెయిల్ పెట్టి, జవాబు ప్రింటు తీసి దగ్గర ఉంచుకో. ఏటీఆర్ లాంటి చిన్న విమానం ఉన్న రూటు అసలే వద్దు. ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే ఎవరూ తీసుకోరు, కానీ నువ్వు 20 కూడా దాటనివ్వకు. చోటుంది కదా అని బట్టలు కుక్కితే, మోసేవాళ్లు ఎత్తలేక దొర్లిస్తారు.

ఢిల్లీలో మారాలి కాబట్టి రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. విడివిడిగా కొంటే పెట్టె ఢిల్లీలో తీసుకుని మళ్లీ ఇవ్వాలి, టెర్మినల్ మారితే మధ్యలో కొన్ని కిలోమీటర్లు. ఆ పెట్టెతో టెన్షన్ పడుతూ పరిగెత్తడం నీ ఒక్కదాని వల్ల కాదు. శంషాబాద్‌లో ట్యాగు వేశాక దాని మీద ఐఎక్స్‌ఎల్ అని ఉందో లేదో నువ్వే చదువు. అది లేహ్ కోడు. ఢిల్లీ కోడు మాత్రమే ఉంటే అక్కడే అడుగు. పెట్టె మామూలు బెల్టు మీద వెళ్లదు, పెద్ద సామాను ఎక్స్‌రే దగ్గరికి పంపుతారు. తెరవమని అనవచ్చు. టేపు చుట్ట, జిప్ టైలు చేతిలో ఉంచుకో, మళ్లీ మూసేదాకా అక్కడే నిలబడు. మూడు గంటల ముందు వెళ్లు. ఇంట్లో కట్టేటప్పుడే ప్రతి దశకీ ఒక ఫోటో తీసి పెట్టుకో, క్రాంకు కింద ఫ్రేము మీద చెక్కిన నంబరుతో సహా.

లేహ్‌లో దిగాక పెట్టె చుట్టూ తిరిగి చూడు. చిరిగినా, నలిగినా, ఎయిర్‌పోర్ట్ దాటకముందే విమాన కంపెనీ కౌంటర్లో రాయించు. పీఐఆర్ అంటారు, ఆ కాగితం లేకుండా బయటికి రాకు. ఒకసారి గేటు దాటాక నీ మాట ఎవరూ వినరు.

ఇక అక్కడ సైకిల్ వెంటనే బిగించకు. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. మన ఊరి నుంచి కొన్ని గంటల్లో అంత పైకి వెళ్తావు. మొదటి రోజు వంగి లేచినా తల తిరుగుతుంది, నేను ఐదు బోల్టులు లెక్కపెట్టి సరేలే అనుకుంది ఆ తలనొప్పితోనే. రెండు రోజులు నీళ్లు తాగుతూ పడుకో. మూడో రోజు పొద్దున బిగించు. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడు, కదలకూడదు. పెట్టెని గెస్ట్‌హౌస్‌లో తడి తగలని చోట పెట్టమని చెప్పు, తిరుగు ప్రయాణానికి అదే కావాలి.

తిరుగు టికెట్టు, ఆఫీసులో చేరే రోజు మధ్య ఒక రోజు ఖాళీ ఉంచు. అక్కడి గాలి పలచన, ఎండెక్కేకొద్దీ ఇంకా పలచబడుతుంది. విమానం తక్కువ బరువుతోనే లేవగలదు, అందుకే చాలావరకు పొద్దున్నే బయల్దేరతాయి. బరువు ఎక్కువైతే ముందు ఆగేది నీ పెట్టె లాంటి సామానే.

ఈ ఆదివారం సైకిల్ తీసుకుని పొద్దున్నే ఇంటికి రా. ఫోము, స్పేసరు, టీ25 కీ నా దగ్గరున్నాయి. మీ పెద్దమ్మ పెసరట్టు వేస్తానంది. హాల్లో పాత దుప్పటి పరుస్తాను. పూర్తిగా విప్పి, పెట్టెలో కట్టి, మళ్లీ తీసి బిగించు. నేను కుర్చీలో కూర్చుని చూస్తాను, చెయ్యి మాత్రం వెయ్యను.

మీ పెదనాన్న