మూగజీవాలు – మీ ప్రశ్నలు: కొట్టానికి గాలి ఆడనివ్వండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరుకు అవతల ఒక పల్లె. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ 2020లో కరోనా సమయంలో ఇంటికి వచ్చినదాన్ని ఇక్కడే ఉండిపోయి ఇంటి నుంచే పని చేసుకుంటున్నాను. మా మామయ్య గారికి మోకాళ్ల నొప్పులు ఎక్కువ కావడంతో రెండు బర్రెలు, అయిదు మేకలు, పన్నెండు నాటుకోళ్లు ఇప్పుడు నా చేతికి వచ్చాయి. సంక్రాంతి దాటి ఇన్ని రోజులైనా మా దగ్గర చలి తగ్గలేదు. పశువులు తట్టుకోలేవేమోనని కొట్టం చుట్టూ కప్పు దాకా ప్లాస్టిక్ పట్టాలు కట్టి, రాత్రిపూట ఒక మూల నిప్పుల కుంపటి పెడుతున్నాము. అయినా పాడి బర్రె పూటకు ఇచ్చే మూడు లీటర్లు రెండుకు పడిపోయాయి, మేకలు దగ్గుతున్నాయి, కోళ్లు గుడ్లు మానేశాయి. రెండో బర్రె చూడిది, శివరాత్రి ప్రాంతంలో ఈనవలసి ఉంది. నాకు సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు అమెరికా వాళ్లతో మీటింగులు ఉంటాయి. దూడ పుట్టగానే నేను పని చేసుకునే గదిలో హీటరు దగ్గర ఉంచుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చలి గురించి నాలుగు మాటలు ఉన్నాయి, కానీ నాకు భయం కలిగించింది చలి కాదు, ఆ పట్టాలూ కుంపటీ. కడుపు నిండా మేత, కింద పొడి నేల ఉంటే ఆదిలాబాద్ చలిని పశువు చాలావరకు ఓర్చుకుంటుంది. అది ఓర్చుకోలేనివి మూడు: ఒంటికి నేరుగా కొట్టే గాలి, తడి నేల, కదలని గాలి. మీరు మొదటిదాన్ని ఆపబోయి మిగిలిన రెండింటినీ కొట్టంలో బంధించారు. రాత్రంతా పడిన మూత్రం, పేడ నుంచి లేచే అమోనియా వాయువు బయటికి పోయే దారి లేక అక్కడే తిరుగుతుంటే, పశువుల ఊపిరి తేమగా మారి పట్టాల మీద నుంచి వాటి వీపుల మీదకే కారుతుంటుంది. రేపు తెల్లవారుజామున అయిదు గంటలకు వెళ్లి, నిలబడి కాదు, మేకలు పడుకునే ఎత్తున కూర్చుని అయిదు నిమిషాలు గాలి పీల్చి చూడండి. కళ్లు మండితే మేకల దగ్గుకు కారణం మీకే తెలిసిపోతుంది. కుంపటిని ఈ రాత్రే తీసివేయండి. పొగ సంగతి అలా ఉంచినా, మూసిన కొట్టంలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, పైగా పక్కనే చొప్ప ఉంటుంది. నా ఉద్యోగ కాలంలో కుంపటి వల్ల కాలిపోయిన కొట్టాలను చూశాను, చలికి గడ్డకట్టి చనిపోయిన బర్రెను మాత్రం చూడలేదు.

పట్టాలను పూర్తిగా పీకేయమని కాదు. ఉత్తరం వైపు, తూర్పు వైపు మాత్రం బర్రె వీపు ఎత్తు వరకు ఉంచి, దాని పైన కప్పు దాకా ఖాళీ వదలండి. మిగిలిన వైపులను పగలంతా తెరిచి ఉంచండి. పేడ ఎత్తిన తరువాత తడిచిన చోట కాస్త సున్నం చల్లి, దాని మీద వరిగడ్డి గానీ ఊక గానీ మందంగా పరచండి. మేకలకు చెక్కలతో అడుగు ఎత్తున అరుగు వంటిది వేస్తే సరిపోతుంది. వారం రోజుల్లో దగ్గు తగ్గకపోయినా, జ్వరం 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, ముక్కు కారడం, పారుడు మొదలైనా అది గాలి సమస్య కాదు. పీపీఆర్ (మేకలకు, గొర్రెలకు సోకే వైరస్ జబ్బు) కావచ్చు కాబట్టి ఆ మేకను వేరు చేసి వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. మేకలకు ఆ టీకా వేయించి ఎంత కాలమైందో మామయ్య గారిని ఈరోజే అడగండి.

ఇక పాల సంగతి. బర్రె పాలలో నూటికి ఎనభై వంతులకు పైగా నీరే ఉంటుంది. రాత్రంతా తొట్టిలో చల్లబడిన నీటిని ఉదయం మీ బర్రె రెండు గుక్కలు తాగి వదిలేస్తోందని నా అనుమానం. అప్పుడే తోడిన బావినీరో బోరునీరో ఈ కాలంలో గోరువెచ్చగా ఉంటుంది, దాన్నే తెల్లవారి పెట్టండి. చొప్పలో ఎక్కువ భాగాన్ని రాత్రికి మార్చండి, ఎందుకంటే పశువు పెద్ద పొట్టలో పీచు పులిసేటప్పుడు పుట్టే వేడే దానికి రాత్రంతా కుంపటి. నల్లని చర్మం, పలుచని వెంట్రుకలు గల బర్రెకు ఆవుకంటే చలి త్వరగా తగులుతుంది కనుక, పొద్దున్నే కడగకుండా మధ్యాహ్నం మీ భోజన విరామంలో ఎండలో కట్టి కడగండి.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను: పాలు ఏ వేళకు పితుకుతున్నారు? మీటింగులు తొమ్మిదిన్నర వరకు అంటే ఒకరోజు ఆరింటికి, మరో రోజు పదింటికి పితుకుతున్నారని అనుకుంటున్నాను. బర్రె చేపడం, అంటే పాలు దించడం, అలవాటు మీద, మనిషి మీద, వేళ మీద ఆధారపడిన పని. వేళ తప్పితే పాలు పొదుగులోనే మిగిలిపోతాయి, మిగిలిన పాలు మరుసటి పూట ఉత్పత్తినీ తగ్గిస్తాయి. సాయంత్రం అయిదున్నరకు పితికే పనిని మీ ఆఫీసు క్యాలెండరులో మీటింగులాగానే రాసిపెట్టండి. ఆ అరగంటను ఎవరికీ ఇవ్వకండి. చేపడానికి ఇంజెక్షను వేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

చూడి బర్రె విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు అంటారు గానీ, దూడ దానికంటే ముందే నేల మీద పడవచ్చు. బర్రెకు చూడికాలం దాదాపు 310 రోజులు, ఓ వారం అటూ ఇటూ అవుతుంది. పొదుగు నిండి, తోక మొదట్లో రెండు వైపులా కండ పల్లమైతే గడువు దగ్గరపడిందని గుర్తు. ఆ వారానికి సాయంత్రపు మీటింగులు మరొకరికి అప్పగించడమో, సెలవు పెట్టడమో ఇప్పుడే మాట్లాడుకోండి. ఉమ్మనీటి సంచి పగిలిన తరువాత గంట, గంటన్నర దాటినా దూడ కాళ్లు ముందుకు రాకపోతే, మీరు లాగకుండా 1962కు ఫోను చేయండి. అది సంచార పశువైద్యశాల ఉచిత నంబరు.

దూడ పడగానే ముక్కు, నోరు తుడిచి, ముందు తల్లిని నాకనివ్వండి, ఆ తరువాత గోనెపట్టాతో ఒళ్లంతా గట్టిగా రుద్ది ఆరబెట్టండి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయండి. మాయ (దూడ తరువాత బయటికి వచ్చే పొర) పడేదాకా ముర్రుపాలు తాగించకూడదనే మాట మీ ఊళ్లోనూ వినిపిస్తుంది, దయచేసి దాన్ని పాటించకండి. ఆ పాలలోని రక్షక పదార్థాలను దూడ పేగులు పీల్చుకోగలిగేది మొదటి కొద్ది గంటల్లోనే. ఒక రోజు గడిస్తే ఆ తలుపు మూసుకున్నట్టే. కాబట్టి గంటలోపే మొదలుపెట్టి, తొలి రోజున దూడ బరువులో పదో వంతు, అంటే ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు, మూడు నాలుగు విడతలుగా పట్టాలి. చలికి కావలసిన మొదటి దుప్పటి అదే. పన్నెండు గంటలైనా మాయ పడకపోతే పట్టుకుని లాగకండి, డాక్టరును పిలవండి.

మీ గది మాటకు వస్తే, వద్దు. హీటరు వెచ్చదనం అలవాటైన దూడను మళ్లీ కొట్టంలోకి పంపిన రోజే ఊపిరితిత్తులకు ముప్పు. గోనెసంచిని చొక్కాలా కత్తిరించి పొట్ట కింద తాళ్లు కట్టండి, తడిస్తే వెంటనే మార్చండి. పదో రోజు దాటాక ఏలికపాముల మందు పట్టించాలి, బర్రె దూడలకు అది తప్పదు.

కోళ్ల విషయంలో బెంగ అక్కరలేదు. కోడి గుడ్డు పెట్టడం చలి కంటే పగటి నిడివి మీద ఎక్కువ ఆధారపడుతుంది. డిసెంబరులో మీ ప్రాంతంలో పగలు సుమారు 11 గంటలే, పూర్తిగా గుడ్లు పెట్టాలంటే 14 గంటల వెలుతురు కావాలి. తెల్లవారుజామున బల్బు వేసి ఆ లోటు తీర్చవచ్చు గానీ, పన్నెండు నాటుకోళ్ల కోసం నేనైతే ఆ పని చేయను. రోజులు పొడుగవుతున్నాయి, అవే మొదలుపెడతాయి.

ప్రశ్న: మేము అమెరికాలో మినియాపొలిస్‌లో ఉంటాము. ఇక్కడ ఏప్రిల్‌లో కూడా మంచు కురుస్తుంది. దంపతులమిద్దరమూ ఇంటి నుంచే పని చేస్తాము. మా లాబ్రడార్ బయటికి వెళ్లి రాగానే పాదాలు నాక్కుంటోంది, మీటింగులో ఉన్నప్పుడే మొరుగుతోంది. ఏమి చేయాలి?

జవాబు: నాక్కోవడానికి కారణం బహుశా దారుల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు. అది పాదాలను మండిస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది. తలుపు దగ్గరే గోరువెచ్చని నీళ్ల గిన్నె, తువ్వాలు పెట్టుకుని రాగానే వేళ్ల సందుల వరకు కడిగి ఆరబెట్టండి. ఒప్పుకుంటే కుక్కల బూట్లు తొడగండి. కార్లలో పోసే యాంటీఫ్రీజ్ రుచికి తియ్యగా ఉంటుంది, కొద్దిగా నాకినా కిడ్నీలు దెబ్బతింటాయి. గ్యారేజీలో చుక్క కనిపించినా తుడిచేయండి. మరొక మాట, అడగకపోయినా చెబుతున్నాను: పండుగ పాయసంలోని కిస్మిస్‌ను ప్రేమతో పెట్టకండి, ద్రాక్ష ఏ రూపంలోనైనా కుక్కకు విషమే. ఉల్లిపాయలూ అంతే.

మొరగడం చలి జబ్బు కాదు, తోచకపోవడం. మనుషులిద్దరూ ఎదుట ఉండి ఒక్కరూ పలకకపోతే అది ఏమనుకోవాలి? ఒక పెద్ద నడక బదులు రోజుకు నాలుగు చిన్న నడకలు తిప్పండి. మీటింగుకు పావుగంట ముందు దాని తిండిలో కొంత పాత తువ్వాలులో చుట్టి వెతుక్కోనివ్వండి. ముక్కుకు పని దొరికిన కుక్క తరువాత కాసేపు పడుకుంటుంది.

ప్రశ్న: హైదరాబాదులో అపార్ట్‌మెంటులో ఉంటాను. చలికాలం మొదలైనప్పటి నుంచి మా పిల్లి నా ల్యాప్‌టాప్ మీదనుంచి దిగడం లేదు. కొడితే పాపం అనిపిస్తోంది.

జవాబు: కొట్టవద్దు, దానికి కావలసింది మీ ఉద్యోగం కాదు, ఆ వేడి. ఎండ పడే కిటికీ దగ్గర, మీ చేయి అందేంత దూరంలో, ఒక అట్టపెట్టెలో మీరు కప్పుకున్న పాత దుప్పటి వేసి పెట్టండి, రెండు మూడు రోజుల్లో మారుతుంది. కరెంటు ప్యాడ్ పెట్టి గది వదిలి వెళ్లకండి. ఈ నెలంతా ఉదయం కారు తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి, రాత్రి వెచ్చదనం కోసం వీధిపిల్లులు ఇంజను దగ్గరికి ఎక్కి పడుకుంటాయి.