సస్పెన్షన్ ఎత్తు పెంచే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: గుట్టదారుల్లో తిరగడానికి కొనుక్కున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఎత్తు పెంచాలా, పెంచితే ఏ పద్ధతిలో పెంచాలి అన్నది. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈ శీర్షిక మొత్తాన్ని సస్పెన్షన్‌కే, అంటే బాడీకీ చక్రాలకూ మధ్య ఉండే స్ప్రింగులు, వాటి ఊపును ఆపే షాక్ అబ్జార్బర్ల అమరికకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నా దగ్గర మారుతి సుజుకీ వారి ఐదు తలుపుల జిమ్నీ ఉంది. సెలవు రోజుల్లో వికారాబాద్ వైపు మట్టిబాటల్లో, రాతిగుట్టల మధ్య నడుపుతుంటాను. బండి అడుగుభాగం రాళ్లకు తగులుతోంది. స్ప్రింగులకు రెండంగుళాల స్పేసర్లు (ఎత్తు పెంచడానికి పెట్టే దళసరి దిమ్మెలు) పెడితే చాలునని, ఒక్క పూటలో పని అయిపోతుందని రాణిగంజ్‌లో ఒక మెకానిక్ చెప్పారు. పెట్టించుకోవచ్చునా?
(మియాపూర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: స్పేసర్లతోనే సరిపెట్టుకునేటట్లయితే వద్దనే చెబుతాను. అసలు తగులుతున్నది ఏ భాగమో ముందుగా తెలుసుకోవాలి. బండిని ర్యాంపు మీదికి ఎక్కించి అడుగున గీతలు ఎక్కడ పడ్డాయో చూడండి. జిమ్నీకి ముందూ వెనకా గట్టి ఇరుసులే ఉన్నాయి. ఇరుసులో డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలకు శక్తిని పంచే గేర్లు) ఉండే గుండ్రటి భాగానికే రాయి తగులుతున్నట్లయితే, స్ప్రింగు ఎంత పొడవుది వేసినా, ఎంత మందం స్పేసర్ పెట్టినా ఆ భాగం నేల నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు, ఎందుకంటే ఇరుసు స్ప్రింగుకు కింద ఉంటుంది, స్ప్రింగు లేపేది తనకు పైన ఉన్న బాడీని మాత్రమే. ఇరుసును లేపగలిగేది టైరు ఒక్కటే. కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మి.మీ.; దాని స్థానంలో కొందరు వేసుకునే 235/75 ఆర్15 టైరు వ్యాసం సుమారు 733 మి.మీ. వ్యాసంలో పెరిగిన 40 మి.మీ.లో సగం, అంటే 20 మి.మీ. మాత్రమే ఇరుసుకు దక్కుతుంది. దానికి బదులుగా స్పీడోమీటరు 100 చూపుతున్నప్పుడు బండి దాదాపు 106 వేగంతో పోతుంటుంది, గేర్లు బరువెక్కినట్లు అనిపిస్తాయి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు పక్క భాగాలకు రాసుకోవచ్చు.

గీతలు ఇరుసుల మీద కాక బండి నడుము కింద ఉంటే సంగతి వేరు. మూడు తలుపుల జిమ్నీకి చక్రాల మధ్య దూరం 2250 మి.మీ. అయితే మన దేశంలో అమ్మే ఐదు తలుపుల బండికి అది 2590 మి.మీ. నడుము పొడవైన కొద్దీ గుట్ట శిఖరం దాటేటప్పుడు మధ్యభాగం ఆనడం సహజం. కంపెనీ ఈ బండికి చెప్పే ర్యాంప్ కోణం, అంటే నడుము ఆనకుండా దాటగల శిఖరపు కోణం, 24 డిగ్రీలే. ఇక్కడ 50 మి.మీ. ఎత్తు పెంచితే మూడు నాలుగు డిగ్రీల వరకు లాభం ఉంటుంది, అది చిన్న లాభమేమీ కాదు.

ఇప్పుడు స్పేసర్ సంగతి. చక్రం కిందికి ఎంత దూరం దిగగలదో నిర్ణయించేది చాలావరకు షాక్ అబ్జార్బర్ పొడవు. స్పేసర్ పెట్టి బాడీని 50 మి.మీ. లేపి, షాక్ అబ్జార్బర్‌ను పాతదే ఉంచితే, మామూలుగా నిలబడి ఉన్న స్థితిలోనే అది 50 మి.మీ. మేర సాగిపోయి ఉంటుంది. ఇక గుంతలోకి దిగవలసి వచ్చినప్పుడు, మునివేళ్ల మీద నిలబడిన మనిషి ఇంకా పైకి అందుకోలేనట్లే, ఆ చక్రం ఇంకా కిందికి చాచుకోలేదు. ఇదివరకు నేలను అంటిపెట్టుకుని బండిని లాగిన చక్రమే ఇప్పుడు గాలిలో తిరుగుతుంది. పైగా షాక్ అబ్జార్బర్ చివరిదాకా సాగి ఠక్కున ఆగిన ప్రతిసారీ ఆ దెబ్బ దాని బిగింపుల మీద పడుతుంది. బండి ఎత్తయింది గాని, చక్రం కదిలే నిడివి పెరగలేదు. రాతినేల మీద బండిని దాటించేది ఆ నిడివే.

హైదరాబాద్ చుట్టుపక్కల నేల స్వభావాన్ని బట్టి కూడా నేను ఇదే చెబుతాను. మనకు ఎదురయ్యేవి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుండ్లు. అవి ఎండలో టైరును బాగా పట్టుకుంటాయి. నాలుగు చక్రాలూ ఆని ఉన్నంతసేపు మామూలు బండి కూడా నెమ్మదిగా ఎక్కిపోతుంది. వానాకాలంలో తాండూరు వైపు నల్లరేగడిలో కూరుకుపోయినప్పుడు ఆదుకునేది టైరు గాడుల లోతే తప్ప సస్పెన్షన్ ఎత్తు కాదు.

అందుచేత ఖర్చు పెట్టే వరుస ఇలా ఉండాలని నా అభిప్రాయం. మొదట గాలి. మట్టిదారిలోకి దిగగానే టైర్లలో గాలిని 18 నుంచి 20 పీఎస్‌ఐ వరకు తగ్గించి, తిరిగి తారురోడ్డు ఎక్కేముందు కంపెనీ చెప్పిన మేరకు నింపుకోవడానికి ఒక చిన్న కంప్రెసరు, ఒక నమ్మకమైన గేజీ కొనుక్కోండి. గాలి తగ్గించిన టైరు రాయి చుట్టూ ఒదిగి పట్టు పెంచుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మార్పు తెచ్చేది మరొకటి లేదు. తరువాత అడుగుభాగానికి ఉక్కు పలకల రక్షణ. ఆపైన టైర్లు. సస్పెన్షన్ వంతు వీటన్నిటి తరువాతే.

అప్పటికీ ఎత్తు కావాలనుకుంటే 40 నుంచి 50 మి.మీ. దగ్గర ఆగిపోయి, స్ప్రింగులు, వాటికి సరిపడే పొడవైన షాక్ అబ్జార్బర్లు ఒకే తయారీదారు కలిపి రూపొందించిన జతగా తీసుకోండి. స్ప్రింగు ఎంపికలో బండి మీద శాశ్వతంగా ఉండే బరువే కొలమానం. ఇనుప బంపరు, వించి (చిక్కుకున్న బండిని తాడుతో లాగే యంత్రం), పైన క్యారియరు ఏవీ లేని బండికి బరువుల కోసం చేసిన స్ప్రింగు వేస్తే అది నలగదు, బండి ఎగిరెగిరి పడుతుంది. స్ప్రింగు బిరుసు దాని తీగ వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 12 మి.మీ. తీగ బదులు 13 మి.మీ. తీగ వాడితే, మిగిలిన కొలతలన్నీ అవే ఉన్నా, స్ప్రింగు సుమారు 38 శాతం గట్టిపడుతుంది. చేతితో పట్టుకుని చూస్తే రెండింటికీ తేడా తెలియదు, కనుక అంకెలు అడిగి తెలుసుకోండి.

ఎత్తు పెరిగినప్పుడు జిమ్నీలో మరో రెండు విషయాలు మారుతాయి. ముందు ఇరుసును పట్టి ఉంచే పొడవాటి ఆర్ములు కిందికి వాలడంతో ఇరుసు కొద్దిగా తిరిగి క్యాస్టర్ కోణం (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాకపోవడం, వేగంలో బండి అటూ ఇటూ తడబడటం దీని లక్షణాలు. క్యాస్టర్‌ను సరిచేసే బుష్‌లు కిట్‌తోపాటే వేయించాలి. రెండవది, ఇరుసును అడ్డంగా పట్టి ఉంచే ప్యాన్‌హార్డ్ రాడ్ వల్ల ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. సర్దుబాటు చేయగల రాడ్ వేస్తేనే అది మధ్యకు వస్తుంది. బ్రేకు గొట్టాలు తగినంత పొడవు ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూడాలి. పని పూర్తయ్యాక ఒక ముందు చక్రాన్ని, దానికి మూలగా ఉన్న వెనక చక్రాన్ని ఎత్తు మీదికి ఎక్కించి, కిందికి వేలాడే చక్రాల వద్ద బ్రేకు గొట్టం బిగుసుకోలేదని, పైకి నలిగిన చక్రాల వద్ద షాక్ అబ్జార్బర్ అడుగంటకముందే బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మె) ఆనుతోందని మీ కళ్లతో చూసుకోకుండా బండిని తీసుకోవద్దు. ఈ పరీక్షకు ఒప్పుకోని షెడ్డులో ఈ పని చేయించవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఎత్తు పెంచిన బండి పల్టీ కొట్టే ప్రమాదం కూడా పెరుగుతుంది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1400 మి.మీ., గరిమనాభి ఎత్తు 700 మి.మీ. ఉన్న బండిని ఉదాహరణగా తీసుకుంటే, ఆ ఎత్తు 40 మి.మీ. పెరిగేసరికి మలుపులో పల్టీ కొట్టకుండా నిలిచే శక్తి ఐదు శాతానికి పైగా తగ్గుతుంది. పైన క్యారియరు మీద సామాను వేస్తే ఇంకా తగ్గుతుంది.

ఇంకొక్క మాట. మీరు తిరిగే వికారాబాద్ వైపు అనంతగిరి కొండల చుట్టూ ఉన్నది చాలావరకు రిజర్వు అడవి. మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే. అనుమతి లేకుండా బాట వదిలి అడవిలోకి బండి దింపడం చట్టరీత్యా నేరం, బండి ఎంత సమర్థమైనదైనా సరే.

ప్రశ్న: మా నాన్నగారు వాడిన మహీంద్రా ఎంఎం 540 జీపు ఇప్పటికీ నడుస్తోంది. కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు పేర్చి చేసిన స్ప్రింగులు) కుంగిపోయాయి. రెండు పట్టీలు అదనంగా వేస్తే లేస్తుందని ఒకరు, కట్టలను ఇరుసు కింది నుంచి పైకి మార్చితే ఇంకా ఎత్తు వస్తుందని మరొకరు అంటున్నారు. ఏది మంచిది?
(శంషాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండూ వద్దండి. నాన్నగారి జీపును ఇంతకాలం కాపాడుకున్నందుకు ముందుగా మీకు అభినందనలు. పట్టీలు చేర్చినప్పుడు జీపు లేస్తుంది, కానీ ఖాళీగా ఉన్నప్పుడు కట్ట వంగకుండా బిగుసుకుపోతుంది. పట్టీ మందం విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. బిరుసు మందపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక 6 మి.మీ. పట్టీ స్థానంలో 7 మి.మీ. పట్టీ వేస్తే ఆ ఒక్క పట్టీయే సుమారు 59 శాతం గట్టిపడుతుంది. కుంగిన పట్టీలను కొలిమిలో ఎర్రగా కాల్చి సుత్తితో వంపు తెప్పించడం కూడా మన దగ్గర అలవాటే. కమాన్ పట్టీల ఉక్కును నూనెలో చల్లార్చి, మళ్లీ తగిన వేడికి తెచ్చి పదును కుదురుస్తారు. ఆ రెండో దశ సరిగా జరగని పట్టీ కొద్దికాలానికే మళ్లీ కుంగుతుంది, లేదా పెళుసెక్కి విరుగుతుంది. అసలు కొలతల ప్రకారం చేసిన కొత్త కట్టలు నాలుగూ తీసుకోండి. వాటితోపాటు షాకిల్ పిన్నులు, బుష్‌లు, యూ బోల్టులు కూడా కొత్తవే వేయండి. ఒకసారి బిగించి సాగిన యూ బోల్టును మళ్లీ వాడకూడదు, కొత్తవాటిని కూడా కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగించాలి. పాత జీపుల్లో కుదుపు గట్టిగా తగలడానికి కారణం చాలాసార్లు తుప్పు పట్టి ఒకదాని మీద ఒకటి జారలేకపోయే పట్టీలు, అరిగిపోయిన బుష్‌లే.

కట్టలను ఇరుసు పైకి మార్చడం వల్ల ఇరుసు గొట్టం మందం, కట్ట మందం కలిపినంత ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది. కానీ బ్రేకు వేసినప్పుడు, గేరులో గట్టిగా లాగినప్పుడు ఇరుసు కట్టను మెలితిప్పుతుంది, ఇంజిన్ శక్తిని ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్ల (క్రాసుల) మీద కోణం పెరుగుతుంది, స్టీరింగ్ రాడ్ వాలు మారి గుంత తగిలినప్పుడల్లా చక్రం దానంతట అది తిరుగుతుంది. పోటీల కోసం ప్రత్యేకంగా కట్టిన జీపుల్లో వీటన్నిటికీ విడివిడిగా మార్పులు చేసుకుంటారు. రోడ్డు మీద తిరిగే జీపుకు అది తగదు.

ప్రశ్న: కొత్త రకం మహీంద్రా థార్‌కు ముందువైపు స్పేసర్లు వేయించాము. ఔటర్ రింగ్ రోడ్డు మీద 100 దాటితే స్టీరింగ్ వణుకుతోంది, టైర్లు ఒక పక్కే అరుగుతున్నాయి. ఏమి చేయాలి?
(ఉప్పల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందుగా చక్రాల రిమ్ముల లోపలివైపు ఎండిన మట్టి అంటుకుని ఉందేమో చూడండి, మట్టిదారి నుంచి వచ్చిన బండి వణకడానికి చాలాసార్లు అదే కారణం. అది కాకపోతే తప్పు స్పేసర్లదే కావచ్చు. 2020 నుంచి వస్తున్న థార్‌కు ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం చక్రానికి కొంత లోపలగా ఆర్ముకు బిగించి ఉంటుంది కాబట్టి, పైన పెట్టిన స్పేసర్ మందం కంటే చక్రం వద్ద పెరిగే ఎత్తే ఎక్కువ. చాలామంది షెడ్డువాళ్లు ఈ లెక్క చెప్పరు. దానివల్ల ఆర్ముల కోణాలు మారి అలైన్‌మెంట్ చెడుతుంది, చక్రాన్ని ఆర్ముకు కలిపే బాల్ జాయింట్లు, చక్రానికి శక్తిని అందించే సీవీ జాయింట్లు తమ హద్దుల దాకా వంగి పనిచేస్తాయి. అలైన్‌మెంట్ చేయించి, క్యాస్టర్, క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు), టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన మేర) మూడింటి అంకెలు ముద్రించిన కాగితం అడిగి తీసుకోండి. అవి కంపెనీ హద్దుల్లోకి రాకపోతే స్పేసర్లు తీయించడమే సరైన పని. అంతవరకు ఔటర్ మీద 120 వరకు అనుమతి ఉన్నా, దయచేసి 80 దాటవద్దు.

ప్రశ్న: సస్పెన్షన్ మార్పులకు చట్టం ఒప్పుకుంటుందా? బీమా వర్తిస్తుందా?
(కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేటట్లు యజమాని వాహనాన్ని మార్చకూడదు. కేరళకు సంబంధించిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే నిలబెట్టింది. అదే సంవత్సరం చేసిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అరిగిన షాక్ అబ్జార్బరు స్థానంలో అదే కొలతలది వేసుకోవడం మరమ్మతు. బండి ఎత్తు మార్చడం మార్పు. ఈ తేడాను గుర్తుంచుకుని, పని మొదలుపెట్టకముందే మీ రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. బీమా సంస్థకు కూడా రాసి, జవాబు వచ్చాకే ముందుకు వెళ్లండి. చెప్పకుండా చేసిన మార్పును కారణంగా చూపి ప్రమాదం తరువాత క్లెయిమును తిరస్కరించే వీలు వారికి ఉంటుంది.

ప్రశ్న: నైట్రోజన్ గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్లు నూనెవాటి కంటే మెత్తగా ఉంటాయా?
(బోయిన్‌పల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఉండవు. రెండింటిలోనూ ఊపును ఆపేది సన్నని రంధ్రాల గుండా వెళ్లే నూనెయే. గతుకుల దారిలో పిస్టన్ వేగంగా ఆడుతున్నప్పుడు నూనె వేడెక్కి నురగ కట్టకుండా గ్యాస్ ఒత్తిడి కాపాడుతుంది. నురగ కట్టిన నూనె పిస్టన్‌ను ఆపలేదు, అప్పుడు బండి తేలిపోయినట్లు ఊగుతుంది. మీరు గంటల తరబడి గతుకుల్లో నడిపేవారైతే గ్యాస్ రకం తీసుకోండి. నగరంలోనే ఎక్కువగా తిరిగేటట్లయితే మంచి నూనె రకం సరిపోతుంది. ఏది వేసినా ఆరు నెలలకొకసారి దాని ఒంటి మీద నూనె చెమ్మ ఉందేమో చూడండి, కారుతున్నట్లయితే ఆ ఇరుసుకు రెండు వైపులా ఒకేసారి మార్చండి.